ముఖానికి తెరుచుకున్న ఫోన్ వేలికి తెరుచుకోలేదు

మా అక్కకి కవల కూతుళ్ళు. ఇద్దరికీ 14 ఏళ్ళు. నాచారంలో ఉంటారు. ఇంట్లో ఒక పాత ఫోన్ ఉంది. హోమ్‌వర్క్ పేరు చెప్పి పెద్దది దాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. తన ముఖం చూపిస్తేనే తెరుచుకునేలా లాక్ కూడా పెట్టింది. ఏం లాభం? చిన్నది ముఖం చూపించినా ఆ ఫోన్ తెరుచుకునేది. రోజూ గొడవే. చివరికి పెద్దది ముఖం తీసేసి వేలిముద్ర పెట్టింది. అంతే, చిన్నదాని ఆట కట్టు.

ఆ గొడవ సద్దుమణిగిన నెలకి, స్కూలువాళ్ళు పిలిచి ఒక్కొక్కరికీ ఒక స్పైరల్ బైండింగ్ రిపోర్టు ఇచ్చారు. 9వ తరగతికి వెళ్ళే పిల్లల పది వేళ్ళ ముద్రలూ తీసుకుని, వాటిని బట్టి 'పుట్టుకతో వచ్చిన తెలివి' ఏ రకమో తేల్చే పరీక్షట. మనిషికి 4,000 రూపాయలు. నిండా రంగురంగుల చక్రాలు, శాతాలు, మెదడు బొమ్మలు. పెద్దదానిది లెక్కల బుర్ర అని తేలింది, చిన్నదానిది కళల బుర్ర అని తేలింది. "అందుకని పెద్ద పాపని ఐఐటీ సెక్షన్‌లో వేద్దాం మేడమ్, చిన్న పాప రెగ్యులర్‌లోనే ఉండనివ్వండి. జీన్స్‌లో ఉన్నదాన్ని మనం మార్చలేం కదా" అన్నాడట అక్కడి కోఆర్డినేటర్.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను కాబట్టి, ఇంట్లో శాతం గుర్తు కనిపించిన ప్రతి కాగితం నా దగ్గరికే వస్తుంది. ఇన్సూరెన్స్ పాలసీ అయినా సరే, రక్త పరీక్ష అయినా సరే. "ఇద్దరికీ జీన్స్ ఒక్కటే కదనే, మరి బుర్రలు రెండు తీర్లు ఎట్లయినయి?" అని అడిగింది. 8,000 రూపాయలు కట్టేశాక అడిగినా, అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. దానికి నేను ఫోన్‌లో పది నిమిషాలు జవాబు చెప్పాను. ఆమెకి సగమే అర్థమైంది. తప్పు నాదే. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు వేలిముద్రల సంగతి. అవి కడుపులో 3వ నెల నుంచి 5వ నెల లోపల పడతాయి. వేలి మీద సుడి ఉందా, ఉచ్చు ఉందా, గీతలు సుమారు ఎన్ని అన్నవి చాలావరకు జన్యువుల నుంచే వస్తాయి. అందుకే మా పిల్లల ముద్రలు దూరం నుంచి చూస్తే ఒకలాగే ఉంటాయి. కానీ ఏ గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగింది అన్నది ఆ కొద్ది వారాల్లో వేలి కొన మీద చర్మం ఎంత వేగంగా పెరిగింది, దాని మీద ఒత్తిడి ఎలా పడింది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. మామూలు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, అంటే మన ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ పేరులోనే ఉన్న ఆ పరీక్ష, ఏకరూప (ఐడెంటికల్) కవలల్ని విడదీయలేదు. సిరా పూసి కాగితం మీద వేయించే బొటనవేలి ముద్ర విడదీస్తుంది. అంటే జన్యువులు పూర్తిగా ఒకటైన ఇద్దరిలో కూడా తేడా వచ్చే చోటు చూసి, ఆ తేడానే 'జన్యువుల్లో రాసిపెట్టిన తెలివి' అని అమ్మారన్నమాట. నాకు కోపం వచ్చింది ఆ డబ్బు గురించి కాదు. ఇంత తలకిందుల మాటని అంత ధీమాగా చెప్పినందుకు.

కోఆర్డినేటర్ని మాత్రమే తిట్టి లాభం లేదు. పుట్టుకా పెంపకమా అన్న తగాదాని మన సామెతలే తేల్చలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం. అదే నోటితో ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటాం. అన్నిటికన్నా గడుసుది 'ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా' అన్నది. దూడ చేలో ఎందుకు దిగింది? తల్లి నుంచి ఆ స్వభావం వచ్చిందా, లేక తల్లి వెనకాల నడిచిందా? ఒక ఆవు, ఒక దూడ ఉన్నంతవరకూ ఎన్నాళ్ళు చూసినా ఇది తేలదు, ఎందుకంటే జన్యువులు ఇచ్చిందీ దారి చూపిందీ ఒకే తల్లి. ఇంటినిండా పుస్తకాలున్న తల్లిదండ్రుల పిల్లలు చదువరులైతే, అది పుస్తకాల వల్లనా రక్తం వల్లనా అన్న చిక్కూ ఇదే. ఈ ముడి విప్పడానికే కవలల అధ్యయనాలు పుట్టాయి. అవి చెప్పేది గుంపులో తేడాల సంగతి. ఒక్క పిల్ల సంగతి అవి చెప్పవు, చెప్పలేవు. నా తగాదా అంతా ఈ ఒక్క ముక్క గురించే.

మా పిల్లలు పుట్టినప్పుడే ఒక తికమక జరిగింది. కాన్పులో రెండు మాయలు (ప్లాసెంటాలు) బయటికొచ్చాయి. "రెండు మాయలు కాబట్టి వీళ్ళు ఐడెంటికల్ కాదు" అని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. మేం నమ్మాం. ఇది చాలా చోట్ల వినిపించే పొరపాటు. ఒకే పిండం రెండుగా చీలితే ఏకరూప కవలలు. ఆ చీలడం మొదటి మూడు రోజుల్లోపే జరిగితే ఎవరి మాయ వాళ్ళకి ఏర్పడుతుంది, అలాంటివాళ్ళు ఏకరూప కవలల్లో సుమారు మూడో వంతు. కొంచెం ఆలస్యంగా చీలితే ఇద్దరికీ ఒకటే మాయ. పెద్దది 2.3 కిలోలు, చిన్నది 1.7. చిన్నది రెండు వారాలు ఇంక్యుబేటర్లో ఉంది. నల్లగొండ నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం బరువులూ మాయలూ పట్టించుకోలేదు. "ఎనక పుట్టిందే పెద్దది బిడ్డా, లోపల ముందు పడ్డది అదే" అని ఇప్పటికీ చిన్నదాన్నే పెద్దమ్మాయి అంటుంది. ఐదేళ్ళు వచ్చేసరికి వాళ్ళని మేమే ఒకరిని చూసి ఇంకొకరి పేరుతో పిలవడం మొదలుపెట్టాం. అప్పుడు గానీ అనుమానం రాలేదు. పరిశోధకులు కూడా డీఎన్ఏ పరీక్ష చేయలేని చోట ఇలాంటి ప్రశ్నలే అడుగుతారు: కొత్తవాళ్ళు మిమ్మల్ని తారుమారు చేసేవాళ్ళా, టీచర్లు పొరబడేవాళ్ళా అని. ఆ జవాబులు నూటికి 95 సార్లు డీఎన్ఏతో సరిపోతాయి. మా ఇంట్లో ఆ పని ఫోన్ చేసిపెట్టింది.

కవలల్ని పోల్చి చూసే ఈ పద్ధతికి ఆద్యుడిగా ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ పేరు చెప్తారు. 1875లో కవలల గురించి వివరాలు సేకరించి, పెంపకం కన్నా పుట్టుకదే పైచేయి అని తేల్చేశాడు. ఎవరు ఒకే పిండం నుంచి వచ్చారు, ఎవరు రెండు అండాల నుంచి వచ్చారు అన్న తేడాని లెక్కలోకి తెచ్చే పద్ధతి అప్పటికి లేదు. 'మేలు జాతి' మనుషుల్నే పెంచాలనే వాదానికి 1883లో 'యూజెనిక్స్' అన్న మాట పుట్టించింది కూడా ఆయనే. ఆ దారి చివరికి ఆష్విట్జ్ నాజీ శిబిరంలో మెంగెలె అనే డాక్టరు కవలల మీద చేసిన క్రూర ప్రయోగాల దాకా పోయింది. అసలు పద్ధతి 1924లో హెర్మన్ సీమెన్స్ అనే జర్మన్ చర్మవైద్యుడి చేతిలో రూపం తీసుకుంది. ఆయన లెక్కపెట్టింది తెలివినీ కాదు, గుణాన్నీ కాదు, పుట్టుమచ్చల్ని. ఏకరూప కవలల మచ్చల సంఖ్య ఎంత దగ్గరగా ఉంది, మామూలు కవలలది, అంటే రెండు అండాల నుంచి వచ్చినవాళ్ళది, ఎంత దగ్గరగా ఉంది అని పోల్చాడు. ఆ పోలికే మొత్తం ఆలోచనకి ఇరుసు.

ఏకరూప కవలలకి జన్యువులు దాదాపు మొత్తం ఒకటే. మామూలు కవలలకి సగటున సగం, అంటే వేర్వేరు ఏళ్ళలో పుట్టిన అక్కాచెల్లెళ్ళకి ఉన్నంతే. రెండు రకాల జంటలూ ఒకే కడుపులో, ఒకే ఇంట్లో, ఒకే ఏడు పెరుగుతారు. కాబట్టి ఏకరూపులు ఎంత ఎక్కువగా కలిస్తే, ఆ 'ఎక్కువ' జన్యువుల ఖాతాలోకి వెళ్తుంది. ఊరికే ఒక లెక్క అనుకుందాం. ఇద్దరి మార్కులూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలతని సహసంబంధం అంటారు: అసలు సంబంధమే లేకపోతే 0, పూర్తిగా కలిసి నడిస్తే 1. లెక్కల మార్కుల్లో ఏకరూప జంటల సహసంబంధం 0.8, మామూలు జంటలది 0.5. తేడా 0.3, రెట్టింపు చేస్తే 0.6. ఇది జన్యువుల వాటా, దీన్నే హెరిటబిలిటీ అంటారు. 0.8లోంచి 0.6 తీసేస్తే మిగిలిన 0.2 ఇంట్లో ఇద్దరికీ ఉమ్మడిగా దొరికినది: ఇల్లు, ఆదాయం, అమ్మానాన్నల చదువు. జన్యువులూ ఇల్లూ ఒకటైనా 0.8 దగ్గరే ఆగిపోయింది కాబట్టి, 1 వరకూ తక్కువైన 0.2 ఎవరికి వారికి విడిగా జరిగినది. ఫాల్కనర్ సూత్రం అని దీన్ని మూడు లైన్లలో బోర్డు మీద రాసేయొచ్చు. ఇంత చిన్న లెక్క ఇంత పెద్ద ప్రశ్నని పట్టుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటే. ప్రమాదం కూడా అక్కడే ఉంది, లెక్క చిన్నది కాబట్టి అర్థమైపోయిందనుకుంటాం.

ఆ 60 శాతం అంటే ఒక పిల్లకి వచ్చిన 100 మార్కుల్లో 60 జన్యువులు తెచ్చినవని కాదు. పచ్చిపులుసు తీసుకోండి. ఒక గిన్నె ముందు పెట్టుకుని 'ఈ రుచిలో చింతపండు వంతెంత, ఉప్పు వంతెంత' అంటే జవాబు లేదు. రెండూ కలిస్తేనే అది పచ్చిపులుసు. కానీ వంద ఇళ్ళ పచ్చిపులుసు రుచి చూసి, ఇంటికీ ఇంటికీ తేడా దేనివల్ల ఎక్కువ వచ్చింది అంటే జవాబుంది. ఆ వంద ఇళ్ళవాళ్ళూ ఒకే కొట్లో ఒకే చింతపండు కొని ఒకే కొలత వేస్తే, తేడాలో చింతపండు వాటా సున్నా. అలాగని చింతపండు లేకుండా చేసి చూడండి! కవలలు ఏ భాష మాట్లాడతారన్నదీ ఇంతే. తెలుగింటి ఏకరూప కవలలిద్దరూ తెలుగే మాట్లాడతారు, మామూలు కవలలిద్దరూ తెలుగే మాట్లాడతారు. తేడా సున్నా కాబట్టి హెరిటబిలిటీ సున్నా. జన్యువులు లేకుండానే మాట వచ్చిందా మరి?

ఇక ఈ పద్ధతి మీద అందరూ వేసే పెద్ద అభ్యంతరం ఒకటుంది. ఏకరూప కవలల్ని లోకం మరీ ఒకేలా చూస్తుంది కదా, వాళ్ళ పోలికలు అందువల్ల కూడా కావచ్చు కదా అని. అక్క జనరల్ బజార్‌లో ఒకే తానులోంచి ఇద్దరికీ గౌన్లు కుట్టించేది. నిజమే. కానీ దీన్ని పరీక్షించిన తీరు చాలా తెలివైనది. మా ఇంట్లోలాగే తల్లిదండ్రులు పొరబడిన జంటల్ని వెతికారు: ఏకరూపులై ఉండీ మామూలు కవలలుగా పెరిగినవాళ్ళు, మామూలు కవలలై ఉండీ ఏకరూపులుగా పెరిగినవాళ్ళు. 1960ల చివర శాండ్రా స్కార్ మొదలుపెట్టిన ఈ రకం పరిశోధనల్లో, పోలికలు ఎక్కువగా అసలు జన్యువుల్నే అనుసరించాయి, తల్లిదండ్రుల నమ్మకాన్ని కాదు. కాబట్టి ఈ అభ్యంతరం సగమే నిలుస్తుంది. నాకు అంతకన్నా గట్టిగా అనిపించే అభ్యంతరం మన పెళ్ళిళ్ళ నుంచి వస్తుంది. మామూలు కవలలకి సగం జన్యువులే ఒకటి అన్న లెక్క, అమ్మానాన్నలు ఒకరికొకరు ఏ పోలికా లేనివాళ్ళైతేనే సరిపోతుంది. మన దగ్గర మేనరికాలున్నాయి. డాక్టర్ సంబంధానికి డాక్టరే కావాలంటారు. అలాంటి ఇళ్ళలో మామూలు కవలలు కూడా సగం కన్నా ఎక్కువ కలుస్తారు. ఏకరూపులతో తేడా తగ్గుతుంది. అప్పుడు సూత్రం జన్యువుల వాటాని తగ్గించి, ఇంటి వాటాని పెంచి చూపిస్తుంది. చూశారా, తప్పు రెండో వైపు కూడా జరగొచ్చు. హెరిటబిలిటీ అంకె ఎప్పుడూ ఎక్కువ చేసి చెప్పిందే అని కొట్టిపారేసేవాళ్ళు ఇది గమనించరు.

విడిగా పెరిగిన కవలల కథలు ఇంకా ఆకర్షణ. ఇక్కడ స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్ళు మర్చిపోకూడని పేరు సిరిల్ బర్ట్. బ్రిటన్‌లో పెద్ద మనస్తత్వవేత్త. విడిగా పెరిగిన ఏకరూప కవలల తెలివితేటల మీద 1955లో 21 జంటలతో, 1958లో 30కి పైగా జంటలతో, 1966లో 53 జంటలతో ఫలితాలు ప్రకటించాడు. సామూహికంగా పెట్టే తెలివి పరీక్షలో సహసంబంధం మూడుసార్లూ 0.771. జంటలు రెట్టింపు దాటినా మూడో దశాంశ స్థానం కూడా కదల్లేదు. నా విద్యార్థి ప్రాక్టికల్ రికార్డులో ఇలా కనిపిస్తే, పక్క బెంచీ రికార్డు కూడా తెమ్మంటాను. అమెరికా మనస్తత్వవేత్త లియోన్ కామిన్ 1974లో ఇదే ఎత్తి చూపాడు. బర్ట్ అప్పటికే చనిపోయి మూడేళ్ళు. అది మోసమా నిర్లక్ష్యమా అని ఆయన అభిమానులు తర్వాత చాలా వాదించారు. ఏదైనా కానీ, ఆ అంకెల్ని నమ్మి పరిశోధన చేసేవాళ్ళు లేరు.

తర్వాత 1979లో అమెరికాలోని మిన్నెసోటాలో థామస్ బుషార్డ్ అనే మనస్తత్వవేత్త నిజంగానే విడిపోయిన కవలల్ని వెతికి పరీక్షించడం మొదలుపెట్టాడు. దానికి నాంది పలికిన జంట కథ మీరు వాట్సాప్‌లో చదివే ఉంటారు. కొద్ది వారాల పసికందులుగా ఉన్నప్పుడే విడిపోయి, 39 ఏళ్ళకి కలుసుకున్న ఇద్దరు జిమ్‌లు. ఇద్దరి మొదటి భార్య పేరూ లిండా, రెండో భార్య పేరూ బెట్టీ, ఇద్దరి చిన్నప్పటి కుక్క పేరూ టాయ్. 'లిండాని పెళ్ళాడే జన్యువు' ఉందని ఎవరూ అనరు, కానీ కథ వినగానే మనసు ఆ వైపే జారుతుంది. ఇద్దరూ పెరిగింది ఒకే ఒహాయో రాష్ట్రంలో, ఒకే తరంలో. ఆ తరంలో అక్కడ లిండాలు, బెట్టీలు మన లక్ష్ములు, పద్మల్లాగే వీధికొకరు. విడిగా పెరగడం అంటే ఒకరు జూబ్లీహిల్స్‌లో, ఒకరు పాలమూరు తండాలో అని మనం ఊహించుకుంటాం. దత్తత అంత దూరం పోదు. ఇంతా అన్నాక ఒకటి ఒప్పుకోవాలి. 1990లో వాళ్ళు ప్రకటించిన ఫలితం, పెద్దవాళ్ళ ఐక్యూ తేడాల్లో సుమారు 70 శాతం జన్యువులతో ముడిపడి ఉందన్నది, జిమ్‌ల కథ తీసేసినా మిగిలే ఉంటుంది. దాంతో వాదించాలంటే కుక్క పేర్ల మీద జోకులు చాలవు.

కవలల అధ్యయనాలన్నీ బూటకం అనేవాళ్ళతో నాకు సర్దుబాటు కానిది ఇందుకే, ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. ఆటిజం. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆటిజానికి కారణం తల్లి మనసు ప్రేమ లేకుండా గడ్డకట్టి ఉండటమే అని పెద్ద పెద్దవాళ్ళు చెప్పారు. 'రిఫ్రిజిరేటర్ మదర్' అన్నారు. బిడ్డకి తల్లి ముద్దు చాలక అలా అయిందట! 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ బ్రిటన్‌లో 21 కవల జంటల్ని పరిశీలించారు. ఏకరూప జంటలు 11. వాటిలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు జంటలు 10. వాటిలో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. తల్లి మనసు గడ్డకట్టడమే కారణమైతే, ఒకే తల్లి ఒడిలోని మామూలు కవలలకి ఆ రక్షణ ఎక్కడిది? చిన్న అధ్యయనమే, కానీ కొన్ని వేల మంది తల్లుల నెత్తి మీది బండ దించింది. మన దగ్గర అది పూర్తిగా దిగిందనుకోను. మా కాలేజీలో ఒకామె కొడుక్కి ఆటిజం ఉందని తెలిసినప్పుడు, 'ఉద్యోగం మానకుండా టీవీ ముందు కూర్చోబెట్టింది కదా' అని ఇంటివాళ్ళే అన్నారు. ఆమె స్టాఫ్ రూములో ఏడ్చిన రోజు ఆ 11, 10 అంకెలు నేనే కాగితం మీద రాసిచ్చాను. జన్యువుల మాట ఒక చోట మనిషిని బోనులోంచి బయటికి తెస్తుంది, ఇంకో చోట అదే మాట పిల్లని వెనక సెక్షన్లో కూర్చోబెడుతుంది. మాటది కాదు తేడా, దాన్ని దేనికి వాడుతున్నామన్నది.

రోజూ నేను మెట్రోలో తార్నాక, హబ్సిగూడ మీదుగా పోతాను. ఆ కొద్ది కిలోమీటర్లలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, సీసీఎంబీ ఉంది. ఒకటి తిండి గురించి, ఒకటి అణువుల గురించి. ఈ వ్యాసం మొత్తం ఆ రోడ్డు మీదే ఉందనిపిస్తుంది. తిండికి కొదవ లేని దేశాల్లో ఎత్తు హెరిటబిలిటీ సుమారు 80 శాతం. తెలివి కన్నా ఎక్కువ. మరి ఎత్తు మారదా? దక్షిణ కొరియాలో ఒక్క శతాబ్దంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు పెరిగింది. వందేళ్ళలో జన్యువులు అంత మారవు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే 1987 నుంచి 1990 వరకు ఒక పని జరిగింది. కొన్ని ఊళ్ళలో గర్భిణులకీ పసిపిల్లలకీ అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది, పక్కన కొన్ని ఊళ్ళలో ఇంకా అందలేదు. మొత్తం 29 ఊళ్ళు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ కొలిచారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, ఇన్సులిన్ పనితీరులో, రక్తనాళాల మెత్తదనంలో కూడా మెరుగ్గా ఉన్నారు. 14 మిల్లీమీటర్లంటే వేలి గోరంత. అయినా అది రోజూ పెట్టిన ఉప్మా చేసిన పని, జన్యువులు అడ్డుపడలేదు. ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. హెరిటబిలిటీ ఎక్కువ అంటే మార్చలేమని అర్థం కాదని చెప్పడానికి నేను క్లాసులో అమెరికా ఉదాహరణ ఎత్తను, ఇదే చెప్తాను.

కోఆర్డినేటర్ మాటకి తిరిగొస్తే, ఆయన స్కూలే ఒక ప్రయోగశాల. ఐఐటీ సెక్షన్లో 60 మంది పిల్లలకి ఒకే మెటీరియల్, ఒకే టీచర్లు, పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు వరకు ఒకే టైమ్‌టేబుల్. పరిసరాల్ని అంతగా చదును చేశాక, ఆ గదిలో మిగిలే మార్కుల తేడాల్లో జన్యువుల వాటా పెరగక ఏం చేస్తుంది? అంటే స్కూలు ఎంత సమానంగా నేర్పితే హెరిటబిలిటీ అంత పెరుగుతుంది. అది పిల్లల మీద తీర్పు కాదు, గది గురించిన వార్త. ఇటు వైపు నుంచి చూడండి. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం అమెరికాలో ఏడేళ్ళ కవలల ఐక్యూని ఇళ్ళ ఆర్థిక స్థితిని బట్టి విడదీసి చూసింది. పేద ఇళ్ళలో తేడాల్లో సుమారు 60 శాతం ఇంటి ఉమ్మడి పరిసరాలదే, జన్యువుల వాటా దాదాపు సున్నా. బాగా ఉన్న ఇళ్ళలో సుమారుగా దానికి తలకిందులు. 2016లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఈ తీరు అమెరికాలో కనిపించింది కానీ పశ్చిమ యూరప్‌లో, ఆస్ట్రేలియాలో కనిపించలేదు. పేదపిల్లలకి కూడా వైద్యం, బడి కాస్త గట్టిగా అందే దేశాలు కాబట్టి కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు. సముద్రం దాటితేనే మారిపోయే అంకెని మిన్నెసోటా నుంచి మూసాపేటకి ఎత్తుకొచ్చి మన పిల్లల మీద అతికించడం ఎలా కుదురుతుంది? 2015లో యాభై ఏళ్ళ కవలల పరిశోధనల్ని, 2,748 పత్రాల్ని ఒకచోట చేర్చి, అన్ని లక్షణాల మీద సగటు హెరిటబిలిటీ 49 శాతమని తేల్చారు. సగం సగం అని వార్తాపత్రికలు సంబరపడ్డాయి. ఆ జంటల్లో అత్యధికం ధనిక పాశ్చాత్య దేశాలవే అన్న ముక్క హెడ్డింగులోకి రాలేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి ఉన్నది మూడో వాటా మీద, ఎవరికి వారికి విడిగా జరిగినదాని మీద. పాఠ్యపుస్తకాలు దాన్ని ఒక్క లైనులో దాటేస్తాయి, కొలత పొరపాట్లు కూడా అందులోనే కలిసి ఉంటాయని చెప్పి. కానీ మా పిల్లలిద్దరి మధ్య ఉన్న తేడా మొత్తం అక్కడే ఉంది, ఇంకెక్కడా ఉండే వీల్లేదు. చిన్నదానికి 7వ తరగతిలో డెంగీ వచ్చింది. అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకున్న పెద్దదాన్ని ఆ దోమ కుట్టలేదు. దాదాపు నెల స్కూలు పోయింది. ఆ నెలలోనే బీజగణితం మొదలైంది. తిరిగొచ్చేసరికి ఎక్స్ అంటే ఏంటో క్లాసు మొత్తానికి తెలుసు, దీనికి తెలీదు. అడగడానికి సిగ్గు. టీచర్ వెనక బెంచీకి మార్చింది. వెనక బెంచీలో ఖోఖో టీమ్ కెప్టెన్ పక్కన చోటు దొరికింది. రెండేళ్ళకి అది 'కళల బుర్ర' అయ్యింది. దోమ ఒక చక్రం తిప్పితే వేలిముద్రల యంత్రం దానికి పేరు పెట్టింది.

ఇలా నేను ఇంత చక్కగా కథ అల్లేశాను కదా, ఇక్కడ నన్నూ అనుమానించాలి. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనిస్ డేనియల్స్ ఒకే ఇంటి పిల్లలు అంత వేరుగా ఎందుకుంటారని అడిగాక, చాలామంది ఇలాంటి కారణాల్ని కొలవడానికి బయల్దేరారు. తల్లి పక్షపాతం, స్నేహితులు, టీచర్లు, జబ్బులు. విడివిడిగా కొలిస్తే ఒక్కొక్కదాని వాటా చాలా కొంచెం. పెద్ద కారణం ఏదీ దొరకలేదు. బహుశా పట్టుకోవడానికి వీల్లేనన్ని చిన్న యాదృచ్ఛికాలు కలిసి ఆ పని చేస్తాయి, వాటిలో కొన్ని పుట్టకముందే. జర్మనీ అక్వేరియం వ్యాపారంలో 1990ల్లో బయటపడ్డ ఒక రకం క్రేఫిష్ ఉంది, మన రొయ్యకి దూరపు చుట్టం. అన్నీ ఆడవే, ఒక తల్లి పిల్లలన్నీ జన్యువుల్లో అచ్చు నకళ్ళు. ఒకే నీళ్ళు, ఒకే మేత ఇచ్చి పెంచినా వాటి సైజులు వేరు, ఒంటి మచ్చలు వేరు, బతికే కాలం వేరు. వాటికి అమ్మ పక్షపాతమూ లేదు, వెనక బెంచీ కూడా లేదు. కాబట్టి దోమ లేకపోయినా మా చిన్నది ఖోఖోకే వెళ్ళేదేమో. అక్క ఆ దోమని తిట్టుకోవడం మానలేదు, నేనూ ఆపలేదు.

వేలిముద్రల కాలం పోయి రేపు డీఎన్ఏ స్కోర్ల రిపోర్టులు వస్తాయి. చదువు ఎన్నేళ్ళు సాగిందన్న దాని మీద 2022లో 30 లక్షల మంది డీఎన్ఏతో కట్టిన స్కోరు, తేడాల్లో 12 నుంచి 16 శాతం చెప్పగలిగింది. అది కూడా యూరప్ మూలాలున్నవాళ్ళలో. ఒకే ఇంటి పిల్లల మధ్య చూస్తే దాని బలం సగానికి పడిపోతుంది. ఇక మా ఇద్దరి విషయంలో అయితే ఆ స్కోరు ఒకే అంకె వస్తుంది, తేడా చెప్పడం దాని వల్ల కాదు. పాపం, ఆ లెక్కన అది వేలిముద్రల పరీక్ష కన్నా నిజాయితీ గలది.

పోయిన ఆదివారం ఇవన్నీ పట్టుకుని నాచారం వెళ్ళాను. సోమవారం అక్కా బావా స్కూలుకి వెళ్ళి ఏం అడగాలో రాసుకుందామని. నా వాదన సిద్ధంగా ఉంది: రిపోర్టుని పక్కన పెట్టండి, చిన్నదానికి రెండు నెలలు బీజగణితం నేను చెప్తాను, ఇద్దర్నీ ఐఐటీ సెక్షన్లోనే వేయండి. బావ తలూపాడు. అక్క కాగితం మీద రాసుకుంటోంది. చిన్నది వచ్చి సోఫా చేయి మీద కూర్చుంది.

"ఆ సెక్షన్ నాకొద్దు చిన్నమ్మా. దాంట్ల గేమ్స్ పీరియడ్ ఉండదు."

రెండు వారాలుగా దాని తరఫున వాదిస్తున్నాను. దాన్ని ఒక్కసారీ అడగలేదు. రిపోర్టు కూడా ఇదే చెప్పింది కదా అన్నట్టు బావ నా వైపు చూశాడు. రిపోర్టు చెప్పినందుకు కాదు, పిల్ల చెప్పినందుకు అని నేను ఏదో సర్దిచెప్పబోతున్నాను. ఇంతలో ఫోన్ పట్టుకుని పెద్దది లోపలి గదిలోంచి వచ్చింది.

"అయితే నేనెందుకు పోవాలె? నాక్కూడా గేమ్స్ పీరియడ్ కావాలె."

అక్క పెన్ను మూత పెట్టేసింది. "ఇది జీన్సా, దీన్ని చూసి అదా?" అని నన్నే అడిగింది. నేను టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.